అరువు ముఖం

ఈ సంచికకి ఒక్కొక్కరూ ఒక జీవిత చరిత్ర రాయాలని క్లబ్ గ్రూపులో మెసేజ్ పడిన పది నిమిషాల్లో మంచి పేర్లన్నీ అయిపోయాయి. రాయలవారు ఒకరికి, కలాం గారు ఇంకొకరికి వెళ్లిపోయారు. నాకు మిగిలింది ఫోన్‌లో ఎప్పుడో సేవ్ చేసుకున్న ఒక నాణెం ఫోటో. సరే, ఆ నాణెం మీద ఉన్నాయన గురించే రాద్దాం అనుకున్నా. తీరా చదివితే, నాణెం మీద ఉన్న ముఖం ఆయనది కానే కాదేమో అని తెలిసింది. ఇక ఆగలేకపోయాను. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, ఎక్కడైనా తేడా కొడితే సర్దుకుపోండి.

ముందు నాణెం గురించి. బంగారంతో చేసింది, దాదాపు మన రూపాయి బిళ్లంత ఉంటుంది. ఒకవైపు కుడివైపు తిరిగిన మగమనిషి ముఖం, తల మీద ఆకుల దండ, భుజం మీద కప్పుకున్న వస్త్రం. రెండోవైపు రెక్కలు విప్పి, తల పక్కకి తిప్పిన గద్ద. ఎవరికి చూపించినా రోమన్ నాణెం అనే అంటారు. నేనూ అలాగే అనుకున్నా. కానీ దీన్ని ముద్రించడం మొదలుపెట్టింది 1231లో. రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ చనిపోయింది క్రీ.శ. 14లో. అంటే మధ్యలో పన్నెండు వందల ఏళ్లకి పైగా గ్యాప్. ఈ నాణెం పేరు అగస్టేల్. వేయించింది రెండో ఫ్రెడరిక్. సిసిలీ రాజు, పవిత్ర రోమన్ చక్రవర్తి. ఇక్కడ ఓరుగల్లులో గణపతిదేవుడు పాలిస్తున్న రోజులవి.

మా ల్యాబ్‌లో పక్కవాడి కోడ్ కాపీ కొట్టి వేరియబుల్ పేర్లు మారిస్తే సున్నా వేస్తారు. ఫ్రెడరిక్ చేసింది కూడా చూడ్డానికి అదే పని. అయితే ఎందుకు చేశాడన్నది తెలియాలంటే అతను పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టాలి.

1194 డిసెంబర్ 26న మధ్య ఇటలీలోని యెజి అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఆరో హెన్రీ జర్మన్ చక్రవర్తి. సరిగ్గా ముందు రోజే పలెర్మోలో సిసిలీ కిరీటం పెట్టుకున్నాడు. తల్లి కాన్‌స్టన్స్ సిసిలీ రాజకుమార్తె, రెండో రోజర్ కూతురు. అప్పటికి ఆమెకి నలభై ఏళ్లు. ఆ వయసులో బిడ్డేమిటి, ఎక్కడి నుంచో తెచ్చారని పుకార్లు లేస్తాయని ఆమె ఊరి మధ్య డేరా వేయించి అందరి ముందూ ప్రసవించిందని తర్వాత కాలంలో కథలు పుట్టాయి. కథ నిజమో కాదో గానీ, ఇతను నిజంగా ఆ ఇంటి బిడ్డేనా అన్న అనుమానం మాత్రం శత్రువులు చివరిదాకా వాడుకున్నారు.

మూడేళ్లు నిండకుండానే తండ్రి పోయాడు. 1198లో పిల్లాడికి పలెర్మోలో పట్టాభిషేకం చేశారు. అదే సంవత్సరం నవంబర్‌లో తల్లి కూడా పోయింది. పోయే ముందు కొడుకుని పోప్ మూడో ఇన్నోసెంట్ సంరక్షణలో పెట్టింది. పోప్ రోమ్‌లో ఉన్నాడు, పిల్లాడు పలెర్మోలో. మధ్యలో ఎవడికి బలం ఉంటే వాడిదే రాజ్యం. 1201లో మార్క్‌వార్డ్ అనే జర్మన్ సేనాని కోటలోకి చొరబడి పిల్లాణ్ణి పట్టుకున్నాడు. అప్పుడు ఆ ఏడేళ్లు కూడా నిండని రాజు వాళ్ల మీదకి దూకి, ఏమీ చేయలేక తన బట్టలు తానే చింపుకుని, తన ఒళ్లు తానే గోళ్లతో రక్కుకున్నాడట. ఆ కాలం నాటి ఒక ఉత్తరంలో ఉంది ఈ విషయం. రాజు అన్న పేరు తప్ప చేతిలో ఇంకేమీ లేని పిల్లాడు. నాకు ఇతని జీవితంలో మిగతా యుద్ధాలన్నీ మర్చిపోయినా ఇది గుర్తుండిపోయింది.

అతను పెరిగిన పలెర్మో ఊరు మామూలు ఊరు కాదు. సిసిలీని ముందు గ్రీకు మాట్లాడే బైజాంటైన్లు ఏలారు, తర్వాత అరబ్బులు, ఆ తర్వాత ఉత్తరం నుంచి వచ్చిన నార్మన్లు. నార్మన్ రాజుల కచేరీలో లాటిన్, గ్రీకు, అరబిక్ మూడూ నడిచేవి. వాళ్ల నాణేలు చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. ఫ్రెడరిక్ తాత రెండో రోజర్ క్రైస్తవ రాజు. కానీ అతని బంగారు నాణెం మీద అరబిక్ అక్షరాలు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి, రెండోవైపు శిలువ. ఈ నాణెం పేరు తరీ. అరబ్బుల పావు దీనార్‌ని చూసి చేసిందే. అదే రోజర్ 1140లో వెండి నాణెం వేయించినప్పుడు బైజాంటైన్ చక్రవర్తుల డిజైన్ తీసుకున్నాడు. ఒకవైపు క్రీస్తు, ఇంకోవైపు బైజాంటైన్ దుస్తుల్లో తను, పక్కన కొడుకు. దాని పేరు డ్యుకాలిస్. డ్యుకాట్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

మనవాళ్ల భాషలో చెప్పాలంటే ఇది బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ. సంతలో కూర్చున్న వ్యాపారికి రాజు ఎవరో అక్కర్లేదు, చేతిలోకి వచ్చిన బిళ్ల నిన్నటి బిళ్లలాగే ఉందా లేదా అన్నదే కావాలి. ఉత్తర ఆఫ్రికా ఓడరేవుల్లో చెల్లాలంటే అక్కడివాళ్లకి తెలిసిన రూపం ఉండాలి. రాజు మారినా ఇంటర్‌ఫేస్ మార్చకూడదు. ఇటలీలోనే అమాల్ఫి, సలెర్నో ఊళ్లలో కూడా తరీలు వేసేవాళ్లు. అక్కడ అచ్చు చెక్కేవాళ్లకి అరబిక్ రాదు. చూసి గీయడమే. గీయగా గీయగా అక్షరాలు వంకర గీతలైపోయాయి. చదివితే ఏమీ రాదు, అయినా బంగారం బంగారమే కాబట్టి చెల్లేవి. అరబిక్‌లో బ్యానర్ కొట్టించి తలకిందులుగా కట్టినట్టు అన్నమాట.

ఈ పని ఇటలీవాళ్లే చేశారనుకోకండి. అసలు అగస్టస్, అతని తర్వాత వచ్చిన టైబీరియస్ నాణేలు సముద్రం దాటి దక్షిణ భారతానికి గుట్టలుగా వచ్చాయి. మన నాగార్జునకొండ తవ్వకాల్లో కూడా రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిని చూసి ఇక్కడివాళ్లు నకళ్లు చేశారు, లాటిన్ అక్షరాల చోట అర్థం లేని గీతలతో సహా.

సరే, మళ్లీ ఫ్రెడరిక్ దగ్గరికి. పద్నాలుగేళ్లకి పెళ్లి చేశారు. 1212లో జర్మనీ వెళ్లి తండ్రి సింహాసనం సంపాదించుకున్నాడు, 1220 నవంబర్‌లో రోమ్‌లో చక్రవర్తి కిరీటం పెట్టుకున్నాడు. 1224లో నేపుల్స్‌లో విశ్వవిద్యాలయం పెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది, ఫ్రెడరిక్ పేరు మీదే. తన కొలువుకి కావలసిన చదువుకున్న ఉద్యోగులు తయారవ్వాలని పెట్టింది. రాజ్యంలోని విద్యార్థులు బయటి ఊళ్లకి వెళ్లి చదవకూడదని ఆర్డర్ కూడా వేశాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ గ్యారంటీ, కానీ ట్రాన్స్‌ఫర్ లేదు.

జెరూసలేం మీద దండయాత్రకి వెళ్తానని పోప్‌కి మాట ఇచ్చి ఏళ్ల తరబడి వాయిదా వేస్తూ వచ్చాడు. 1227లో బయలుదేరి, జబ్బు చేసి వెనక్కి తిరిగాడు. కొత్తగా వచ్చిన పోప్ తొమ్మిదో గ్రెగరీ అది సాకు అనుకుని అతన్ని చర్చి నుంచి వెలివేశాడు. ఫ్రెడరిక్ మరుసటి ఏడాది వెలిలోనే బయలుదేరి వెళ్లాడు. వెళ్లి యుద్ధం చేయలేదు. ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్‌తో మాటలు కలిపి, 1229 ఫిబ్రవరిలో ఒప్పందం మీద జెరూసలేం తీసుకున్నాడు. పదేళ్ల ఒప్పందం. రక్తం కారకుండా పని అయిందని ఇప్పుడు మనం మెచ్చుకుంటాం. అప్పుడు మాత్రం రెండు మతాలవాళ్లూ తిట్టుకున్నారు. అతను అక్కడ ఉండగానే ఇక్కడ పోప్ సైన్యం అతని రాజ్యంలోకి దిగింది.

ఈ ప్రయాణం నుంచే నాకు కావలసిన వివరం ఒకటి దొరికింది. జెరూసలేంలో ఫ్రెడరిక్‌ని దగ్గర నుంచి చూసినవాళ్ల మాటలు ఒక అరబ్ చరిత్రకారుడు రాసిపెట్టాడు. దాని ప్రకారం మనిషి ఎర్రగా ఉంటాడు, బట్టతల, చూపు ఆనదు, బానిసల సంతలో నిలబెడితే రెండు వందల దిర్హమ్‌లు కూడా పలకడు. శత్రుపక్షంవాడు రాసింది కాబట్టి కొంచెం తగ్గించి చదవాలి. అయినా ఇప్పుడు నాణెం మళ్లీ చూడండి. దాని మీద ఉన్నవాడికి ఒత్తైన జుట్టు, దాని మీద ఆకుల దండ, సూటి ముక్కు, సూటి చూపు. ప్రొఫైల్ పిక్‌కి ఫిల్టర్ వేయడం మనతో మొదలైందనుకున్నా.

1230లో పోప్‌తో రాజీ కుదిరింది. తిరిగొచ్చిన ఫ్రెడరిక్ 1231లో మెల్ఫి ఊళ్లో రాజ్యమంతటికీ వర్తించే చట్టాలు ప్రకటించాడు. ఆ డిసెంబర్‌లోనే బ్రిండిసి, మెస్సినా టంకశాలల్లో అగస్టేల్ ముద్రణ మొదలైంది. అంటే ఒకే సంవత్సరంలో కొత్త చట్టం, కొత్త నాణెం. చుట్టూ ఉన్న చట్టాలు ఒక్కో ఊరికీ ఒక్కోలా ఉన్న రోజుల్లో రాజు మాటే చట్టం అని పుస్తకం రాసినవాడు, ఆ మాట ప్రతి చేతిలోకీ వెళ్లేలా బంగారం మీద కూడా కొట్టించాడు. ముఖం చుట్టూ కుదించిన లాటిన్‌లో సీజర్, అగస్టస్, రోమన్ల చక్రవర్తి అన్న బిరుదులు. గద్ద చుట్టూ ఒకే ఒక్క పేరు, ఫ్రిడెరికుస్. క్రీస్తు లేడు, మేరీ మాత లేదు, ఏ సెయింట్ బొమ్మా లేదు. ఆ కాలపు క్రైస్తవ రాజ్యాల నాణేల మీద శిలువే ప్రధాన అలంకారం. వెలి నుంచి బయటపడి ఏడాదే అయినవాడు పోప్‌కి ఏం చెప్పదలచుకున్నాడో ఊహించుకోవచ్చు. రోమ్ అధికారం నాకు నీ చేతి మీదుగా రాలేదు, నీ చర్చి పుట్టకముందు నుంచి ఉన్న సీజర్ల నుంచి వచ్చింది అని. ఇది నా ఊహే, అతను ఎక్కడా ఇలా రాసిపెట్టలేదు.

తాత చేసిన కాపీకీ మనవడు చేసిన కాపీకీ ఇక్కడే తేడా కనిపిస్తుంది. రోజర్ పక్కింటివాడి డిజైన్ తీసుకున్నాడు, జనం భయపడకుండా తీసుకోవాలని. ఫ్రెడరిక్ తీసుకున్నది ఎవరి చేతుల్లోనూ చెలామణిలో లేని డిజైన్. పన్నెండు వందల ఏళ్ల క్రితం నాణెం ఏ రైతుకి గుర్తుంటుంది? కాబట్టి బొమ్మ చూసి నమ్మే అవకాశం లేదు. మరి నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్క చూశాను. తరీలు తలో బరువుతో ఉండేవి, ముక్కలు కోసి తూకం వేసి వాడేవాళ్లు. ముప్పై తరీల బరువు ఒక ఔన్సు, అంటే సుమారు 26.7 గ్రాములు. తరీ బంగారం మేలిమి 16 క్యారెట్ల పైన ఇంకో మూడో వంతు. అగస్టేల్‌ని పావు ఔన్సుకి, అంటే ఏడున్నర తరీలకి సమానం అని ప్రకటించారు. పావు ఔన్సు తరీ బంగారంలో అసలు బంగారం నాలుగున్నర గ్రాములు. అగస్టేల్ బరువు సుమారు 5.3 గ్రాములు, మేలిమి 20.5 క్యారెట్లు. గుణించి చూస్తే మళ్లీ నాలుగున్నర గ్రాములే. బొమ్మ మొత్తం మార్చేశాడు, లోపలి బంగారం మాత్రం పైసా తేడా రాకుండా ఉంచాడు. కాలిక్యులేటర్‌లో ఆ అంకె వచ్చినప్పుడు, అవుట్‌పుట్ మ్యాచ్ అయిన టెస్ట్ కేస్ చూసినంత సంతోషం వేసింది.

అయినా జనం ఊరికే తీసుకోలేదు. 1232 జూన్‌లో తోమాస్ అనే స్కాలా ఊరి పౌరుడు ఈ నాణేలు మోసుకుని శాన్ జెర్మానో ఊరికి వచ్చి, పావు ఔన్సు రేటుకి పంచాడని అక్కడి రిచర్డ్ అనే నోటరీ తన చరిత్రలో రాసుకున్నాడు. రేటు ఒప్పుకోకపోతే శిక్ష. ఆ బంగారం ఎక్కువగా ఆఫ్రికా నుంచి వచ్చింది. సిసిలీ గోధుమలు ట్యూనిస్‌కి వెళ్లేవి, ఎడారి దాటి వచ్చిన బంగారం ఇటు వచ్చేది. ట్యూనిస్‌లో కరువొచ్చినప్పుడు తన ఓడలు ముందు వెళ్లి మంచి ధరకి అమ్ముకునేలా జెనోవా వ్యాపారుల ఓడల్ని ఫ్రెడరిక్ రేవుల్లోనే ఆపేయించాడు. అంత వ్యాపారి.

ఇక్కడ ఇతన్ని మరీ ఆకాశానికెత్తడం నాకు ఇష్టం లేదు. బంగారు నాణెంలో నిజాయితీ ఉంది, నిజమే. కానీ కూలివాడు బంగారం ముట్టుకుంటాడా? వాడి చేతిలో ఉండేవి దెనారి. రాగిలో చిటికెడు వెండి కలిపినవి. ఫ్రెడరిక్ వాటిని మళ్లీ మళ్లీ కొత్తగా ముద్రించి, పాతవి ఇక చెల్లవు, కొత్తవి నేను చెప్పిన రేటుకే తీసుకోవాలి అన్నాడు. ప్రతిసారీ ఆ తేడా ఖజానాకి వెళ్లేది. నోట్ల రద్దప్పుడు నాకు పదేళ్లు. తాతయ్య చెయ్యి పట్టుకుని బ్యాంకు బయట నిలబడ్డ ఆ మధ్యాహ్నం వల్లనో ఏమో, శాన్ జెర్మానో జనం ఎలా నిలబడి ఉంటారో నాకు తేలిగ్గానే కనిపించింది. బంగారం చూసేవాళ్లు విదేశీ వ్యాపారులు, రాయబారులు, సుల్తాన్లు. అక్కడ మోసం చేస్తే పరువు పోతుంది. రాగి చూసేవాళ్లు తన ప్రజలు.

ఇంకొకటి. అరబ్ పండితులకి లెక్కల ప్రశ్నలు, తత్వశాస్త్రం ప్రశ్నలు పంపి జవాబులు తెప్పించుకున్నవాడు, డేగల వేట మీద అరబిక్ పుస్తకాన్ని అనువాదం చేయించుకుని తను స్వయంగా ఇంకో పెద్ద గ్రంథం రాసినవాడు, తిరగబడ్డ సిసిలీ ముస్లింలని మాత్రం వేలమందిని ఇళ్లూ పొలాలూ వదిలించి ఇటలీలోని లూచెరా ఊరికి తరలించాడు. అక్కడ వాళ్ల మతం వాళ్లకి వదిలేశాడు, వాళ్లతో సైన్యం కట్టాడు. సొంత ఊరు మాత్రం తిరిగి ఇవ్వలేదు. అరబిక్ అక్షరాల తరీలు పుట్టిన దీవిలో ఆ అక్షరాలు చదవగలిగేవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. ఫ్రెడరిక్ చివరి తరీల మీద కూడా అరబిక్ చదవడానికి రాని గీతల్లాగే మిగిలింది.

రోమన్ పిచ్చి మాత్రం పెరుగుతూ పోయింది. కపువా ఊరి వంతెన దగ్గర పెద్ద ద్వారం కట్టించి, పాత రోమన్ చక్రవర్తిలా కూర్చున్న తన విగ్రహం పెట్టించాడు. 1237లో కోర్టెనువోవా దగ్గర మిలాన్ సైన్యాన్ని ఓడించి, వాళ్ల జెండా రథాన్ని రోమ్‌కి పంపాడు, పూర్వం సీజర్లు జయించిన సొమ్ము ఊరేగించినట్టు. 1239లో గ్రెగరీ మళ్లీ వెలివేశాడు. ఈసారి చివరిదాకా ఆ వెలి తొలగలేదు.

యుద్ధాలకి బంగారం చాలలేదు. 1240లో ఫాయెంజా ఊరిని ముట్టడించినప్పుడు డబ్బులు అయిపోయి, తోలు ముక్కల మీద తన బొమ్మ వేయించి, ఒక్కోటి ఒక అగస్టేల్ అని సైనికులకి ఇచ్చాడని, తర్వాత అవి తెచ్చినవాళ్లకి నిజమైన బంగారం ఇచ్చేశాడని విల్లానీ రాశాడు. విల్లానీ ఫ్లోరెన్స్ చరిత్రకారుడు, ఈ సంఘటన తర్వాత పుట్టినవాడు కాబట్టి కథగానే తీసుకుందాం.

1245లో కొత్త పోప్ నాలుగో ఇన్నోసెంట్ లియోన్ సభలో అతను ఇక చక్రవర్తి కాదని ప్రకటించాడు. 1247లో పార్మా ఊరి ముట్టడికి ఎదురుగా విక్టోరియా అని, అంటే విజయం అని పేరు పెట్టి ఒక ఊరే కట్టాడు. 1248 ఫిబ్రవరిలో ఒకరోజు అతను డేగల వేటకి వెళ్లగా పార్మావాళ్లు బయటికొచ్చి ఆ విజయాన్ని తగలబెట్టేశారు. ఖజానా, కిరీటం దోచుకుపోయారు. మరుసటి ఏడాది ఏళ్ల తరబడి నమ్మిన మంత్రి పియెర్ దెల్లా వీన్యాని ద్రోహి అని కళ్లు పొడిపించాడు, ఆయన చెరలోనే చనిపోయాడు. అదే ఏడాది కొడుకు ఎంజియో బొలోన్యావాళ్లకి చిక్కాడు. ఇరవై మూడేళ్లు బందీగానే ఉండి 1272లో అక్కడే పోయాడు. ఫ్రెడరిక్ 1250 డిసెంబర్ 13న చనిపోయాడు. ఇంకో రెండు వారాలు ఉంటే యాభై ఆరు నిండేవి.

అతను పోయిన రెండేళ్లకి, 1252లో, ఫ్లోరెన్స్, జెనోవా తమ బంగారు నాణేలు మొదలుపెట్టాయి. ఫ్లోరెన్స్ ఫ్లోరిన్ మీద ఏ రాజూ లేడు. ఒకవైపు పువ్వు, ఇంకోవైపు సెయింట్ జాన్. వర్తకుల ఊరు, వర్తకుల నాణెం, దాదాపు మేలిమి బంగారం. యూరప్ అంతా ఆ పువ్వునే కాపీ కొట్టింది, సీజర్ ముఖాన్ని కాదు.

ఒక్కడు మాత్రం ముఖాన్నే కాపీ కొట్టాడు. అతని పేరు ఆంజూ చార్లెస్. పోప్ పిలుపు మీద వచ్చి 1266లో ఫ్రెడరిక్ కొడుకు మాన్‌ఫ్రెడ్‌ని యుద్ధంలో చంపాడు. 1268లో మనవడు కాన్రాడిన్‌ని నేపుల్స్ నడిబజారులో తల నరికించాడు. ఆ పిల్లాడికి పదహారేళ్లు, మనకన్నా చిన్నవాడు. ఆ చార్లెస్సే తన బంగారు నాణెం కోసం అగస్టేల్‌ని ముందు పెట్టుకుని, అదే పద్ధతిలో తన ముఖం వేయించుకున్నాడు. గద్ద ఉండాల్సిన చోట తన వంశపు పువ్వులు పెట్టాడు. వంశాన్ని తుడిచిపెట్టినవాడికి కూడా ఆ డిజైన్ కావలసి వచ్చింది. 1282లో సిసిలీ జనం చార్లెస్ మీద తిరగబడి తరిమేశాక మాన్‌ఫ్రెడ్ కూతురు, ఆమె భర్త అరగాన్ రాజు పీటర్ అక్కడ రాజ్యానికి వచ్చారు. వాళ్లు మెస్సినాలో వేయించిన బంగారు నాణెం మీద గద్ద మళ్లీ వచ్చి కూర్చుంది.

కపువా ద్వారాన్ని 1557లో పడగొట్టేశారు. విగ్రహం ఆ ఊరి మ్యూజియంలో ఉంది, తల లేదు. ఫ్రెడరిక్ అసలు ఎలా ఉండేవాడో ఖాయంగా చెప్పగలిగే బొమ్మ ఇంకెక్కడా లేదు. పలెర్మో కెథడ్రల్‌లో అతని సమాధి ఉంది. ఆ ఎర్రరాతి పెట్టె కూడా తాత రోజర్ ఇంకో చర్చి కోసం చేయించి పెట్టుకున్నది, మనవడు తెప్పించి తను వాడుకున్నాడు. 1781లో దాన్ని తెరిచి చూశారు. లోపల చక్రవర్తి ఒంటి మీద ఉన్న వస్త్రం చేతుల అంచున దారంతో కుట్టిన అరబిక్ అక్షరాలున్నాయి.